ఎడమ చెవి వెనక

నవ్వొద్దని చెప్పింది డాక్టరమ్మ.

నూనె తగ్గించమంది, బరువులెత్తొద్దంది, మంచానికి అతుక్కుపోకుండా ఇంట్లోనే అటూ ఇటూ తిరగమంది. అన్నిటికీ బుద్ధిమంతుడిలా తలూపాడు రేడియో. చివర్లో మాత్రం, "దగ్గు, తుమ్ము, గట్టిగా నవ్వడం, ఇవి కొన్నాళ్ళు కాస్త చూసుకోండి. కుట్లు లాగుతాయి. మరీ తప్పనిసరైతే దిండు పొట్టకి అదుముకుని నవ్వండి," అని ఆవిడ అనగానే ఆయన మొహం మాడిపోయింది.

"అమ్మా, పిత్తాశయం తీసేశారు. పోతే పోయింది, దాని మొహం నేనెప్పుడూ చూసింది లేదు. నవ్వు కూడా తీసేస్తే ఎలా చెప్పండి?" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. పక్కన నిలబడ్డ నర్సూ నవ్వింది. వాళ్ళిద్దరూ నవ్వుతుంటే తను ఊరుకోవడం మర్యాద కాదని రేడియో కూడా నవ్వాడు. మరుక్షణం "అబ్బా!" అని పొట్ట పట్టుకున్నాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని అప్పుడు తెలిసొచ్చింది.

ఆయనకి బజారులో సెలూన్ ఉంది. రెండే కుర్చీల దుకాణం. పైన బోర్డు మీద ఏదో పేరు ఉంది గానీ దాన్ని చదివిన వాళ్ళు లేరు. అందరూ ఆయన్ని 'రేడియో' అనీ, దుకాణాన్ని 'రేడియో షాపు' అనీ అంటారు. ఊరికి కొత్తవాళ్ళు ఆ పేరు విని నిజంగానే పాత రేడియో చంకలో పెట్టుకుని బాగుచేయించుకోవడానికి వచ్చి, ఆయన మాటల్లో పడి క్రాఫు చేయించుకుని వెళ్ళిన సందర్భాలున్నాయి. పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం మూసే దాకా ఆ నోటికి విరామం లేదు. కత్తెర ఆగుతుంది గానీ కబుర్లు ఆగవు. అలాంటి మనిషిని నవ్వొద్దంటే చేపని ఒడ్డున కూర్చోమన్నట్టే.

ఆసుపత్రి నుంచి ఇంటికి కార్లో వస్తున్నంతసేపూ రోడ్డు మీద గతుకు కనబడితే చాలు, "నాయనా, మెల్లిగా. లోపల కొత్త కుట్టుపని ఉంది," అని డ్రైవర్ని బతిమాలాడు. డ్రైవరు నవ్వాడు. రేడియో పెదాలు బిగించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన మంచం వేయించింది భార్య. వీధి కనిపిస్తూ ఉంటే ఆయనకి పొద్దుపోతుందని ఆవిడ ఆలోచన. కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుందావిడ. గోరంత మరలు, వెంట్రుకంత స్క్రూడ్రైవర్లు, రోజంతా వాటితోనే కాపురం. అందుకే ఏ పనైనా తొందరపడకుండా, వరసలో చెయ్యడం ఆవిడకి అలవాటు. మొగుడు మంచం మీంచి లేవడం కూడా ఆవిడ అలాగే నేర్పింది.

"నిటారుగా లేవకండి. ముందు పక్కకి దొర్లండి. ఇప్పుడు మోచెయ్యి ఆనించండి. కాళ్ళు కిందికి జార్చండి. ఆ ఊపుతోనే పైకి రండి."

"ఇదేమన్నా ఓడ అనుకున్నావా, తాళ్ళు విప్పి, లంగరు ఎత్తి..."

"మాటలు తర్వాత. ముందు లేవండి."

లేచాడు. లేచి నాలుగు అడుగులు వేశాడో లేదో కుడి భుజం పట్టుకుని ఆగిపోయాడు. "ఇదెక్కడి గోలే! కోసింది పొట్టలో, నొప్పి భుజంలో. వీళ్ళు ఒకచోట మొదలుపెట్టి మరోచోట తేలలేదు గదా?"

ఆవిడ ఆసుపత్రికి ఫోను చేసి, నర్సు చెప్పింది విని, వచ్చి చెప్పింది. "ఆపరేషన్‌కి ముందు పొట్టలోకి గాలి నింపుతారట, లోపల బాగా కనబడాలని. అందులో కొంచెం మిగిలిపోయి పైకి తన్నుతుందట. నడుస్తుంటే అదే పోతుందట."

"అంటే సైకిల్ ట్యూబుకి కొట్టినట్టు కొట్టారన్నమాట నాకు."

"అవును. ఇప్పుడు నడిచి ఆ గాలి దింపుకోండి."

ఆ సాయంత్రం రేడియో ముందుగది నుంచి వంటింటికి, వంటింటి నుంచి ముందుగదికి గోడ పట్టుకుని తిరిగాడు. కూరగాయల సూప్ ఇస్తే, "ఇది కూరగాయలు కడిగిన నీళ్ళా, ఉడికించిన నీళ్ళా?" అని అడిగి తాగాడు. ఆసుపత్రి వాళ్ళు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చిన పిత్తాశయం రాళ్ళని కిటికీ అంచు మీద పెట్టుకుని చూసుకున్నాడు. బఠాణీ గింజల్లా ఉన్నాయి. ఇంత చిన్నవాటికి ఇంత గొడవా అని ఆశ్చర్యపోయాడు.

చీకటి పడుతుండగా బావమరిది వచ్చాడు, దుకాణం తాళాలు ఇవ్వడానికి.

అతనికి నలభై దాటాయి. చెంపల దగ్గర నెరుపు కూడా వచ్చింది. అయినా ఊరందరికీ అతను చిన్నోడే. తలుపు పక్కనున్న రెండో కుర్చీ అతనిది. బావ ఎంత మాట్లాడతాడో అతను అంత మాట్లాడడు. కావాలనీ కాదు, బావ మాట్లాడుతుంటే మధ్యలో దూరడానికి సందు దొరక్క అలా అలవాటైపోయింది.

"ఎలా ఉందిరా షాపు?" అన్నాడు రేడియో ఆత్రంగా.

"బాగానే ఉంది బావా."

"ఎవరెవరొచ్చారు?"

"వచ్చేవాళ్ళే వచ్చారు."

"ఏం మాట్లాడుకున్నారు?"

చిన్నోడు బాగా ఆలోచించాడు. "ఎండ గురించి," అన్నాడు. తాళాలు మేకుకి తగిలించి, అక్క ఇచ్చిన టీ తాగి, "నొప్పి ఎక్కువగా ఉందా బావా?" అని అడిగి, జవాబు మొత్తం ఓపిగ్గా విని వెళ్ళిపోయాడు.

"చూశావా? ఊళ్ళో కబుర్లన్నీ తెలిసే చోట కూర్చుని, 'ఎండ గురించి' అంటాడు," అని రేడియో భార్యతో వాపోయాడు. "నేను లేకపోతే షాపు ఏమైపోతుందో."

ఆవిడ మాత్రలు అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించింది.

మర్నాడు మొదటగా చూడ్డానికి వచ్చింది మాస్టారు. పిల్లలకి ప్రపంచ పటం చెప్పి చెప్పి రిటైరైన మనిషి. చేతిలో ఆపిల్ పళ్ళ సంచితో గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా రేడియో, స్టేషన్ మూసేశారటగా!" అన్నాడు.

రేడియో దిండు అందుకున్నాడు, ముందుజాగ్రత్తగా. "రండి మాస్టారూ. నవ్వించకండి, నా మీద నిషేధం ఉంది," అని రాళ్ళ డబ్బా చూపించాడు. అనస్థీషియా ఇచ్చేముందు అంకెలు లెక్కపెట్టమంటే తను ఎక్కడిదాకా వెళ్ళిందీ, మెలకువ రాగానే నర్సుతో ఏమన్నదీ, అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన నోరు ఒకవైపు ఉంది, కళ్ళు ఒకవైపు ఉన్నాయి. కళ్ళు మాస్టారి తల మీద ఉన్నాయి.

తాజాగా చేయించుకున్న క్రాఫు. మెడ దగ్గర చర్మం ఇంకా తెల్లగా, కొత్తగా ఉంది.

"మాస్టారూ, చిన్నోడు చేశాడా?"

"పొద్దున్నే. అటునుంచి అటే వస్తున్నా."

"ఏదీ, ఓసారి కిటికీ వైపు తిరగండి."

మాస్టారు తిరిగాడు.

"ఇటు. కొంచెం తల వంచండి. అలా కాదు, ఎడమ చెవి కనబడేలా."

"నేను నిన్ను చూడ్డానికి వచ్చానా, నన్ను చూపించుకోడానికి వచ్చానా?" అంటూనే మాస్టారు తల వంచాడు.

రేడియో వెతుకుతున్నది ఏమిటంటే, చిన్నోడి పనిలో ఒక లోపం ఉంది. ఎప్పటి నుంచో ఉంది. ఎంత బాగా చేసినా సరే, ఎడమ చెవి వెనక ఒక వెంట్రుకల పోగు మిగిల్చేస్తాడు. అందుకే అతను పని ముగించి కుర్చీ తిప్పగానే రేడియో తన పని ఆపి వస్తాడు. కస్టమరు తల చుట్టూ ఓ చుట్టు తిరిగి, "అదిగో!" అని ఆ పోగు పట్టుకుని కత్తెర ఒక్కసారి ఆడిస్తాడు. "చూశావురా చిన్నోడా, ఇక్కడ. ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?" అంటాడు. బెంచీ మీద కూర్చున్న వాళ్ళు నవ్వుతారు. కుర్చీలో ఉన్నవాడు అద్దంలోంచి నవ్వుతాడు. చిన్నోడు కూడా నవ్వుతాడు. ఇది రోజూ జరిగేదే. దీన్ని రేడియో 'ఫినిషింగ్' అంటాడు.

మాస్టారి చెవి వెనక ఏ పోగూ లేదు. వేలితో తడిమి చూశాడు. నున్నగా ఉంది.

"బాగుంది," అన్నాడు రేడియో, వేలు ఇంకా అక్కడే ఉంచి.

"నాకూ అలాగే అనిపించింది," అన్నాడు మాస్టారు. "ఓ చిన్న కునుకు కూడా తీశానయ్యా కుర్చీలో. నీ చేతికింద ఎప్పుడూ నిద్రపట్టలేదు నాకు."

తర్వాత బ్యాంకు క్యాషియరు వచ్చాడు. ఆ తర్వాత బేకరీ ఆయన, ఆయన తమ్ముడు. తలలు ఒక్కొక్కటీ కిటికీ వెలుతుర్లో తిరిగాయి, వంగాయి, ఎడమ చెవులు చూపించాయి. పలకరించడానికి వచ్చిన వాళ్ళు ఇదేదో ఆపరేషన్ తర్వాత వచ్చే చాదస్తం అనుకుని ఓర్చుకున్నారు. బేకరీ ఆయన బయటికి వెళ్తూ, "పొట్టకే కదమ్మా ఆపరేషన్?" అని రేడియో భార్యని మెల్లిగా అడిగాడట. రేడియో మాత్రం ఇంకెటూ చూడలేదు. మెడ మీద గీత సూటిగా ఉంది. చెంపలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. మిషన్ నడిపిన చోటికీ కత్తెర నడిపిన చోటికీ మధ్య ఉండాల్సిన గీత కనబడడం లేదు, పొగమంచులా కలిసిపోయింది. అలా కలపడం ఎంత కష్టమో రేడియోకి తెలుసు. తను కలిపినప్పుడు కూడా ఒక్కోసారి కనబడుతుంది.

చెవి వెనక పోగు మాత్రం ఒక్కరికీ లేదు.

"నేను లేకపోతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తున్నాడన్నమాట," అని తీర్మానించాడు. సంతోషించాలో, కోప్పడాలో ఆయనకే తేలలేదు.

ఇంతలో భుజం నొప్పి తగ్గింది. దాని స్థానంలో కట్టు కింద దురద మొదలైంది. కుట్ల దగ్గర చీమలు సభ పెట్టుకున్నట్టుంది. గోకడానికి లేదు. దురద మర్చిపోవడానికి గదుల మధ్య పచార్లు చేస్తుండగా బస్సు కండక్టరు వచ్చాడు. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. నడినెత్తిన రెండు సుడులున్న తల అతనిది. ఏ దువ్వెనకీ లొంగని జుట్టు. ఏళ్ళ తరబడి ఆ తలతో కుస్తీపట్టింది రేడియోనే. చిన్నోడి కుర్చీ ఖాళీగా ఉన్నా కండక్టరు కూర్చునేవాడు కాదు. "నా తల వాడి వల్ల కాదులే," అని బెంచీ మీదే పేపరు చదువుకుంటూ ఎదురుచూసేవాడు.

ఇప్పుడు ఆ తల మీద జుట్టు, పెంచి పోషించిన పచ్చికలా, ఒద్దికగా పడుకుని ఉంది.

"ఇదెలా..." అన్నాడు రేడియో.

"అడగమాకు. నాకే నమ్మకం కుదరట్లేదు," అన్నాడు కండక్టరు కుర్చీ లాక్కుంటూ. "నువ్వు లేవు, జుట్టేమో టోపీలో పట్టట్లేదు. సరే, కానివ్వరా అని కూర్చున్నా. మాట్లాడ్డు, పలకడు. రెండు సుడుల్నీ వేలితో అలా రాసి చూశాడు, ఎటు తిరుగుతున్నాయో. అంతే, అవి ఎటు పోతే అటే కోసుకుపోయాడు. నేను చెప్పింది ఒక్కటే, కానివ్వమని."

"మంచి పనోడే వాడు," అన్నాడు రేడియో.

"మంచి పనోడని నాకేం తెలుసు? రోజూ నువ్వే కదా, 'ఎన్నిసార్లు చెప్పాలిరా' అనేది. పాపం, బావమరిది కాబట్టి పెట్టుకున్నావు, లేకపోతే ఈ పని రాని వాణ్ణి ఎవరు పెట్టుకుంటారు అనుకునేవాణ్ణి. నేననే ఏముంది, మేమంతా అలాగే అనుకున్నాం."

కండక్టరు ఆ మాట ఏ దురుద్దేశంతోనూ అనలేదు. అని, రాళ్ళ డబ్బా చేతిలోకి తీసుకుని గలగలలాడించి, "వీటినిక్కడ పెట్టుకున్నావేంటయ్యా, ఎవరైనా నోట్లో వేసుకోగలరు," అని తన జోకుకి తనే పడిపడి నవ్వాడు. రేడియో దిండు అందుకోలేదు. దాని అవసరం రాలేదు.

అతను వెళ్ళాక ముందుగదిలో చాలాసేపు చప్పుడు లేదు. వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. ఆ ఇంట్లో మౌనం అంటే పాలు పొంగిపోవడమో, కుళాయి ఊడిపోవడమో, ఏదో ఒకటి జరిగినట్టు లెక్క.

"నొప్పిగా ఉందా?"

"లేదు." రాళ్ళ డబ్బా తిరిగి కిటికీ అంచు మీద పెడుతూ అన్నాడు, "అది కాదే. వాడికి పని రాదని నేనెప్పుడైనా అన్నానా?"

"నోటితో అనలేదు."

"చెవి వెనక పోగు వదిలేస్తే చెప్పనా మరి? నిజంగానే వదిలేసేవాడు. నా కళ్ళతో చూశా, నా చేత్తో తీశా. ఇప్పుడేమో ఒక్క తలకీ లేదు. ఉన్నట్టుండి ఎలా పోయింది?"

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ కళ్ళలో నవ్వు మాత్రం దాగలేదు.

"నీకు తెలుసు," అన్నాడు రేడియో అనుమానంగా.

"తెలుసు."

"ఏమిటి?"

"చెప్పను. వాణ్ణే అడగండి. నేను చెబితే నవ్వు వస్తుంది. మీరు నవ్వి కుట్లు ఊడితే ఎవరు బాధ్యులు?"

ఎంత బతిమాలినా చెప్పలేదు. ఉడికించిన కూరగాయల గిన్నె ముందు పెట్టి, కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళిపోయింది.

సెలూన్‌కి సెలవు రోజున చిన్నోడు తన సంచీతో ఇంటికి వచ్చాడు. అక్క పిలిపించింది. రేడియో గడ్డం అప్పటికి ముళ్ళపందిలా తయారైంది. మామూలుగా ఆయన గడ్డం ఆయనే గీసుకుంటాడు. జుట్టు మాత్రం రైల్వే స్టేషను దగ్గరున్న పాత స్నేహితుడి దగ్గర కత్తిరించుకుంటాడు. ఇన్నేళ్ళలో చిన్నోడి చేతికి తల అప్పగించింది లేదు.

"నేను గీసుకోగలన్లేరా," అన్నాడు.

"అద్దం ముందు అంతసేపు నిలబడకూడదు మీరు," అంది భార్య. "కూర్చోండి."

వెనకవైపు కిటికీ దగ్గర, వెలుతురు బాగా వచ్చేచోట కుర్చీ వేశారు. నడుము వెనక ఒక దిండు, ఒళ్ళో ఒక దిండు. చిన్నోడు మెడచుట్టూ గుడ్డ కట్టాడు. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, మొహం మీద పరిచి, అరచేతులతో మెత్తగా అదిమాడు. ఆ వెచ్చదనానికి రేడియో ఒళ్ళు తేలికైపోయింది.

తువ్వాలు తీయగానే మొదలుపెట్టాడు. "ఒరేయ్, నిన్నొకటి అడగాలి. ఆ కండక్టర్..."

నురగ బ్రష్ మూతి మీద పడింది. రేడియో నోరు మూశాడు. బ్రష్ పక్కకి వెళ్ళగానే మళ్ళీ తెరిచాడు. "అదేంటంటే, ఈ మధ్య వచ్చిన వాళ్ళందరికీ..."

"మాట్లాడొద్దు బావా. తెగుద్ది," అన్నాడు చిన్నోడు.

కసిరినట్టు లేదు, వేడుకున్నట్టూ లేదు. కుర్చీలో కూర్చున్నవాడికి కత్తి పట్టుకున్నవాడు చెప్పే మాట అంతే. రేడియోకి తనే ఆ మాట ఎన్నోసార్లు ఎందరితోనో అనాల్సింది, కబుర్లు ఆపడం ఇష్టంలేక ఎప్పుడూ అనలేదని గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు.

కత్తి చెంప మీంచి దిగింది. చిన్నోడి బొటనవేలు ముందు వెళ్ళి చర్మాన్ని బిగించి పట్టుకుంటే వెనకే కత్తి వస్తోంది. గడ్డం కింద, మెడ మలుపులో, రేడియోకి చిన్నప్పటి గాయం మచ్చ ఉంది. దానిమీద తను గీసుకున్నప్పుడల్లా చిన్న గాటు పడుతుంది. అక్కడికి రాగానే కత్తి ఆగింది, ఓ క్షణం అలా ఆలోచించినట్టుగా, పక్క నుంచి చుట్టివచ్చింది. ఆ గాయం సంగతి వాడికెలా తెలుసు? రోజూ అద్దంలో చూస్తూనే ఉండి ఉంటాడు.

తర్వాత కత్తెర అందుకున్నాడు.

ఆ కత్తెర చప్పుడు రేడియో ఎన్నడూ వినలేదు. తన గొంతు దానిమీద ఎప్పుడూ పరుచుకుని ఉండేది. చిన్న చిన్న చప్పుళ్ళు, ఒకే కొలతతో, ఎక్కడా తొట్రుపాటు లేకుండా. దువ్వెన ఎత్తుతుంది, కత్తెర పలుకుతుంది, వెంట్రుకలు గుడ్డమీద రాలతాయి. అది చెవి చుట్టూ తిరిగి, మెడ దాటి, రెండో చెవి దగ్గరికి వచ్చింది. రేడియో ఊపిరి బిగబట్టాడు. ఎడమ చెవి వెనక ఒక్క నిమిషం ఆగింది. ముందుకు సాగింది.

చిన్నోడు చేతి అద్దం మొహం ముందు పట్టాడు. రేడియో అద్దం వైపు చూడలేదు. గుడ్డలోంచి చెయ్యి తీసి చెవి వెనక తడుముకున్నాడు. నున్నగా ఉంది.

"ఒరేయ్, నిజం చెప్పు," అన్నాడు. "ఇక్కడ పోగు ఎందుకు వదల్లేదు?"

చిన్నోడు గిన్నెలో బ్రష్ కడుగుతున్నాడు. తలెత్తకుండానే, "ఎవరికోసం వదలను?" అన్నాడు.

"అంటే?"

"అంటే..." చిన్నోడు అక్క వైపు చూశాడు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ అక్క, కానివ్వు అన్నట్టు తలూపింది.

"మొదట్లో నువ్వొచ్చి చూసేవాడివి కదా బావా. ఏమీ దొరక్కపోతే వెతికేవాడివి. వెతికీ వెతికీ ఎక్కడో ఒకచోట వేసేసేవాడివి కత్తెర. ఓసారి ఒకతనికి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని చేయించుకుంటే, నువ్వొచ్చి ముందు జుట్టు ఎత్తు తగ్గించావు. సరిగ్గా లేదని ఇటు తగ్గించావు. అది ఎక్కువైందని అటు తగ్గించావు. చివరికి అతను ఏడవలేక నవ్వి వెళ్ళాడు. అప్పట్నుంచి ఒకటి నేనే వదిలేస్తున్నా. రాగానే నీకు దొరికేస్తుంది, ఇంకెక్కడా చెయ్యి పెట్టవు."

రేడియో చెయ్యి మళ్ళీ చెవి వెనక్కి వెళ్ళింది.

"మరి ఎడమ చెవే ఎందుకురా?"

"నువ్వొచ్చేది అటునుంచేగా. నీ కుర్చీ అటే ఉంది."

ముందు భార్యకి నవ్వు వచ్చింది. ఆవిడ గుమ్మం పట్టుకుని వంగిపోయింది. దాంతో రేడియోకి నవ్వు కట్టలు తెంచుకుంది. ఒళ్ళో దిండుని రెండు చేతులా పొట్టకి అదుముకుని, "అబ్బా, చచ్చాన్రోయ్, అబ్బా," అంటూ నవ్వాడు. ఆపుకుందామనుకున్నకొద్దీ మరీ తన్నుకొచ్చింది. తను దర్జాగా కత్తెర పట్టుకుని నడిచి రావడం, చుట్టూ తిరగడం, "అదిగో!" అని నిధి దొరికినట్టు అరవడం, అన్నీ కళ్ళకి కట్టాయి. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. చిన్నోడు కంగారుగా, "బావా, కుట్లు, కుట్లు," అంటూ తను కూడా వచ్చి దిండు పట్టుకున్నాడు.

నవ్వు మెల్లగా సద్దుమణిగింది. రేడియో గుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా అందరి ముందూ మాట పడ్డావు కదరా. నీకు కోపం రాలేదా?"

చిన్నోడు ఆలోచించాడు. ఎంత చిన్న ప్రశ్నకైనా ఆలోచించకుండా జవాబు చెప్పే అలవాటు లేదతనికి.

"కోపం కాదు బావా. నువ్వలా అంటే అందరూ నవ్వేవాళ్ళు, సరదాగానే ఉండేది. కానీ ఒక్కోసారి కటింగ్ బాగా కుదురుతుంది కదా. చేత్తో చేసింది కానట్టు కుదురుతుంది. అలాంటప్పుడు కూడా ఒకటి వదలాలంటే చెయ్యి వచ్చేది కాదు. అదొక్కటే కష్టంగా ఉండేది."

చెప్పి, గిన్నెలో నీళ్ళు పారబోయడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం రేడియో మాట్లాడలేదు. సూప్ తాగాడు, వంక పెట్టలేదు. వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి పలకరిస్తే చెయ్యి ఊపాడు. భార్య వచ్చి నుదురు మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరం లేదులే," అన్నాడు రేడియో. "కొత్త కత్తెర కొన్నా, కొత్త కుర్చీ తెచ్చుకున్నా మొదట నాకే. వాడిదెప్పుడూ తలుపు పక్కన. గాలి వేస్తే కోసిన వెంట్రుకలన్నీ వాడి మొహానే పడేవి. ఎప్పుడైనా అడిగానటే, ఇటు వస్తావా అని?"

"ఇప్పుడు అడగండి," అందావిడ. "నోరు ఉందిగా."

డాక్టరమ్మ కుట్లు చూసి, బాగా మానాయని, కాసేపు దుకాణానికి వెళ్ళొచ్చని, ఎక్కువసేపు నిలబడొద్దని చెప్పింది. దారిపొడుగునా రేడియో తను చెప్పాల్సింది మననం చేసుకుంటూ నడిచాడు. అందరి ముందూ చెప్పాలి. గట్టిగా, కాస్త హాస్యంగా, కానీ అర్థమయ్యేలా. 'అయ్యలారా, ఇన్నాళ్ళూ మీరు చూసిన నాటకం ఏమిటంటే...' అని మొదలుపెడితే బాగుంటుంది. మలుపు తిరిగేసరికి ప్రసంగం పూర్తిగా తయారైంది.

దుకాణంలో అడుగు పెట్టగానే బెంచీ మొత్తం లేచింది. "రేడియో వచ్చేసింది!" అని కండక్టరు కేకేశాడు. బేకరీ ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "పొట్ట చూపించు," "రాళ్ళేవీ?" అని తలా ఒక మాట. రేడియో అందరికీ జవాబులు చెప్పి, తన కుర్చీ దగ్గరికి వెళ్ళి ఒకతనికి గడ్డం గీశాడు. అది పూర్తయ్యేసరికి నడుములో సత్తువ అయిపోయింది. వచ్చి బెంచీ మీద, కండక్టరు పక్కన చతికిలబడ్డాడు.

ఆ బెంచీ మీద ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. అక్కణ్ణుంచి చూస్తే దుకాణం వేరేగా ఉంది. తన కుర్చీ కనబడుతోంది, తన అద్దం కనబడుతోంది, ఆ అద్దం అంచున సగం మాత్రమే చిన్నోడు కనబడుతున్నాడు. చిన్నోడి కుర్చీలో క్యాషియరు కొడుకు, కాలేజీ కుర్రాడు. పని చివరికొచ్చింది.

చిన్నోడు దువ్వెన జేబులో పెట్టాడు. ఏళ్ళనాటి అలవాటు ప్రకారం కుర్చీని ఇటు తిప్పి, పక్కకి జరిగి నిలబడ్డాడు. బెంచీ మీద అందరి మొహాల్లో నవ్వు సిద్ధంగా ఉంది. కండక్టరు మోచేత్తో పొడిచాడు. "వెళ్ళవయ్యా, నీ ఫినిషింగ్!"

రేడియో లేచాడు. నెమ్మదిగా వెళ్ళి, ఎడమవైపు నుంచి వంగి చూశాడు.

పోగు ఉంది.

సన్నగా, ఒంపుగా, చెవి వెనక నుంచి నాలుగు వెంట్రుకలు, ఇదిగో నేను అన్నట్టు నిలబడి ఉన్నాయి. ఆపరేషన్ అయి వచ్చిన బావకి, మొదటి రోజున, దొరకడానికి. మిగతా తలంతా ఎంత చక్కగా కుదిరిందంటే ఆ పోగుని వదలడానికి ఆ చెయ్యి ఎంత తటపటాయించి ఉంటుందో రేడియోకి తెలిసింది.

తలెత్తి చిన్నోడి వైపు చూశాడు. చిన్నోడు మర్యాదగా కత్తెర అందించాడు.

దారిపొడుగునా తయారు చేసుకున్న ప్రసంగం ఒక్క ముక్క గుర్తు రాలేదు. రేడియో కత్తెర తీసుకోలేదు. వంగి, చిన్నోడికి తప్ప ఇంకెవరికీ వినబడకుండా, "నాకోసం ఏదీ వదలొద్దురా ఇక. తీసెయ్," అన్నాడు.

చిన్నోడు ఆయన మొహంలోకి చూశాడు. కత్తెర ఒక్కసారి పలికింది.

"ఏమైందయ్యా?" అన్నాడు కండక్టరు. "ఏం దొరికింది?"

"దొరకడానికేముంది?" అన్నాడు రేడియో గట్టిగా, అందరికీ. "ఇలాంటి కటింగ్ నా చేత్తో నేను చెయ్యలేను. ఇందులో నేను చెయ్యి పెట్టడమేంటి?"

బెంచీ మీద నవ్వడానికి తెరిచిన నోళ్ళు అలాగే ఉండిపోయాయి. జోకు ఎక్కడుందా అని వాళ్ళు వెతుక్కుంటుంటే రేడియో కుర్రాడి మెడ దగ్గర ముడి విప్పాడు. గుడ్డ జాగ్రత్తగా తీసి గుమ్మం బయట దులిపి, మడతపెట్టాడు. మూలనున్న పొడుగు చీపురు అందుకుని, కింద రాలిన జుట్టు ఒకచోటికి చేర్చసాగాడు.

"బావా, వంగకూడదన్నారు," అన్నాడు చిన్నోడు.

"నేను వంగట్లేదు, చీపురు వంగుతోంది. నువ్వు ఆ కుర్చీలోకి వెళ్ళు," అని కిటికీ దగ్గరున్న తన కుర్చీ చూపించాడు. "అక్కడ వెలుతురు బాగుంటుంది. ఇక్కడ గాలి నాకు మంచిదట, డాక్టరమ్మ చెప్పింది."

డాక్టరమ్మ అలాంటిదేమీ చెప్పలేదని చిన్నోడికి తెలుసు. అయినా అతను తన దువ్వెనలు, సీసా, కత్తెరలు ఒక్కొక్కటే తీసుకుని కిటికీ దగ్గరి అద్దం ముందు సర్దుకున్నాడు. కుర్చీ మీద తువ్వాలుతో రెండుసార్లు కొట్టాడు. ఎత్తు సరిచూశాడు. సర్దాల్సిందేమీ మిగల్లేదు.

రేడియో చీపురు ఆపి నిలబడ్డాడు. నోట్లో మాట ఊరుతోంది. ఆ దుకాణంలో ఖాళీ కుర్చీ కనబడితే పిలిచే గొంతు ఇన్నేళ్ళూ ఒక్కటే. పెదాలు గట్టిగా మూసి పట్టుకున్నాడు. అది కుట్ల నొప్పి కన్నా కష్టంగా ఉంది.

చిన్నోడు బెంచీ వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు.

"తర్వాత ఎవరు?" అన్నాడు.

ఆ గొంతు ఎవరిదో అర్థం కాక ముందెవరూ కదల్లేదు. తర్వాత ఇద్దరు ఒకేసారి లేచారు.